బిడ్డను ఎత్తుకునే స్లింగ్ ఎలా ఎంచుకోవాలి? కొలతల దగ్గర నుంచి కట్టుకుని సర్దుకునే దాకా

"ఏ కంపెనీ స్లింగ్ మంచిది?" అని చాలామంది అడుగుతున్నారు. స్లింగ్, క్యారియర్ అంటే బిడ్డను మన ఒంటికి ఆనించి కట్టుకునే బట్ట లేదా పట్టీల సాధనం. ఒక్క పేరు చెప్పేస్తే సరిపోయే ప్రశ్న కాదిది. అక్కకు హాయిగా కుదిరిన క్యారియర్ చెల్లెలికి భుజాలు లాగేయవచ్చు. ఎత్తుకునే మనిషి ఒళ్లు, బిడ్డ బరువు, వాడే చోటు, ఊరి ఎండ తేలాకే కంపెనీ సంగతి. అందుకే ఈ మార్గదర్శిలో కొనడం తర్వాత వస్తుంది. అంతకుముందు చేయాల్సిన పనే ఎక్కువ.

## 1. ముందు, బిడ్డ ఎలా కూర్చోవాలో తెలుసుకోండి

మన ఇళ్లలో అమ్మమ్మలు బిడ్డను చంకనెత్తుకునే తీరు గమనించండి. బిడ్డ కాళ్లు విడివడి, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి వస్తాయి. మోకాళ్లు పిరుదుల కంటే కాస్త పైన ఉంటాయి. తొడల కింద చెయ్యి ఆసరాగా ఉంటుంది. ఏ రకం స్లింగ్ అయినా బిడ్డను ఇలాగే కూర్చోబెట్టాలి. ముందు నుంచి చూస్తే కాళ్లు ఇంగ్లీషు 'ఎం' అక్షరంలా కనిపిస్తాయి.

మొదటి నెలల్లో తుంటి కీలు ఇంకా మెత్తగా, ఏర్పడే దశలో ఉంటుంది. కాళ్లు నిటారుగా కిందికి వేలాడుతుంటే ఆ బరువు కీలు మీద పడుతుంది. మోకాలి నుంచి మోకాలి దాకా తొడలకు ఆసరా ఉండాలనీ, కనీసం మొదటి 6 నెలలు బిడ్డ ముఖం మన వైపే ఉండాలనీ అంతర్జాతీయ హిప్ డిస్‌ప్లాసియా (తుంటి కీలు సరిగ్గా ఏర్పడని లోపం) ఇన్‌స్టిట్యూట్ చెబుతోంది.

ఇంతకన్నా ముఖ్యమైనది ఊపిరి. పసికందుకు తల బరువు ఎక్కువ, మెడ బలం తక్కువ. గడ్డం ఛాతీకి ఆనుకుపోతే గాలి వెళ్లే దారి ముడుచుకుపోతుంది. బిడ్డ ఏడవను కూడా ఏడవలేదు. అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం 2010 మార్చిలో ఒక హెచ్చరిక చేసింది. అంతకు ముందరి 20 ఏళ్లలో స్లింగులతో ముడిపడిన 14 మరణాలను అందులో ప్రస్తావించింది. వాటిలో 12 మరణాలు నాలుగు నెలల లోపు బిడ్డలవే. చీర ఉయ్యాలలో లాగా బిడ్డ వంగి, గుండ్రంగా ముడుచుకుని పడుకునే సంచీ రకం స్లింగులను అందుకే కొనవద్దంటున్నాను. బిడ్డ నిటారుగా, మీ ఛాతీకి ఆనుకుని ఉండాలి.

బిడ్డను కట్టుకున్న ప్రతిసారీ ఈ ఐదూ చూసుకోండి:

- బిగుతు: మీరు ముందుకు వంగితే బిడ్డ మీ ఒంటి నుంచి విడిపోకూడదు. వంగేటప్పుడు ఒక చెయ్యి బిడ్డ మీదే ఉండాలి.
- ముఖం: తల కాస్త దించితే బిడ్డ ముక్కు, నోరు కనిపించాలి. బట్ట, చున్నీ, కొంగు ఏదీ ముఖాన్ని కప్పకూడదు.
- ఎత్తు: తల వంచితే బిడ్డ నుదుటికి ముద్దు అందాలి.
- గడ్డం: గడ్డానికీ ఛాతీకీ మధ్య కనీసం ఒక వేలు పట్టాలి.
- వీపు: వీపుకు పూర్తి ఆసరా ఉండాలి. అరచేతితో మెల్లగా అదిమితే బిడ్డ మరింత ముడుచుకుపోతున్నాడంటే పట్టీ వదులుగా ఉన్నట్టే.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, 2.5 కిలోల లోపు బరువున్న బిడ్డ, ఊపిరి సమస్య ఉన్న బిడ్డ, తుంటికి చికిత్స జరుగుతున్న బిడ్డ అయితే పిల్లల డాక్టరును అడగకుండా ఏ స్లింగూ వాడకండి. ఆస్పత్రిలో నేర్పే కంగారూ మదర్ కేర్ వేరు. అక్కడ బిడ్డను ఒంటికి ఒళ్లు తగిలేలా పెట్టుకుని, నర్సులు చెప్పిన పద్ధతిలోనే చేయాలి. బజారు స్లింగ్ దానికి బదులు కాదు.

## 2. నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకోండి

ఫోన్‌లో షాపింగ్ యాప్ తెరిచే ముందు ఒక కాగితం తీసుకోండి.

ఎవరు ఎత్తుకుంటారు? అమ్మ ఒక్కరేనా, నాన్న, అమ్మమ్మ, తాతయ్య కూడానా? అమ్మది చిన్న నడుము, నాన్నది పెద్ద నడుము అయితే ఇద్దరికీ సర్దుకునేదే కావాలి. రింగ్ స్లింగులో (రెండు రింగులతో బిగించే ఒంటి భుజం బట్ట) భుజం కొలతను బట్టి సైజు ఉంటుంది, కాబట్టి అందరికీ ఒక్కటే కుదరకపోవచ్చు.

బిడ్డ బరువెంత? చాలా క్యారియర్ల మీద కనీస బరువు 3.2 లేదా 3.5 కిలోలు అని రాసి ఉంటుంది. మన దగ్గర 2.6, 2.8 కిలోలతో పుట్టే బిడ్డలు చాలామంది. అంటే పుట్టిన వారానికే వాడదామని కొన్నది పెట్టెలోనే కొన్ని వారాలు ఉండాల్సి రావచ్చు. 'నవజాత శిశువు నుంచి' అన్న మాట చూసి కొనకండి, కిలోలు చూడండి.

ఎక్కడ వాడతారు? ఇంట్లో నిద్రపుచ్చడానికి ఒక రకం చాలు. కూరగాయల మార్కెట్టుకు, ఆర్టీసీ బస్సుకు, రైలుకు ఇంకో రకం బాగుంటుంది. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కాలనుకుంటే రెండు భుజాల మీదా, నడుం మీదా బరువు పంచే రకమే కావాలి.

ఒక్కోసారి ఎంతసేపు? పదిహేను నిమిషాలకైతే ఒంటి భుజం స్లింగ్ చాలు. గంట దాటితే రెండు భుజాలదే తీసుకోండి.

కాన్పు ఎలా జరిగిందన్నదీ ఇక్కడే ఆలోచించాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. కాబట్టి ఈ ప్రశ్న మనలో చాలామందిది. సిజేరియన్ అయిన బాలింతకు గట్టి నడుం పట్టీ కుట్ల మీద నొక్కుతుంది. డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టండి. మొదట్లో నడుం పట్టీ లేని రింగ్ స్లింగో, ఒంటికి చుట్టి కట్టుకునే పొడవాటి బట్ట ర్యాపో నయం. లేదంటే నడుం పట్టీని కుట్లకు బాగా పైన, పక్కటెముకల కింద కట్టుకోవాలి. ఈ లోగా నాన్న ఎత్తుకోవచ్చు. నిజానికి అదే మంచిది కూడా.

## 3. టేపుతో కొలవండి

ఐదు నిమిషాల పని. దీన్ని వదిలేసినవాళ్లే ఎక్కువగా వస్తువు తిప్పి పంపుతారు.

1. బిడ్డను మీ ఒడిలో మీ వైపు తిప్పి, కాళ్లు విడదీసి కూర్చోబెట్టుకోండి. ఒక మోకాలి వెనక గుంట నుంచి పిరుదుల కింది భాగం మీదుగా రెండో మోకాలి గుంట దాకా కొలవండి. క్యారియర్ అడుగు భాగం (బిడ్డ కూర్చునే చోటు) వెడల్పు దీనికి దగ్గరగా ఉండాలి. మరీ తక్కువైతే కాళ్లు వేలాడతాయి. ఎక్కువైతే మోకాళ్లు వంగలేక కాళ్లు బలవంతంగా చాపుకుపోతాయి.
2. పిరుదుల నుంచి మెడ దాకా కొలవండి. పసికందుకు వీపు ప్యానెల్ (బిడ్డ వీపుకు ఆనే బట్ట భాగం) మెడ దాకా రావాలి, కానీ ముఖం మీదికి రాకూడదు. మెడ నిలిపిన బిడ్డకు చంకల పై దాకా వస్తే చాలు.
3. ఎత్తుకునే ప్రతి ఒక్కరి నడుమూ బొడ్డు దగ్గర కొలవండి. కంపెనీలు నడుం పట్టీ గరిష్ఠ కొలతను గొప్పగా చెబుతాయి. మీరు కనీస కొలత అడగండి. సన్నగా ఉండే మనవాళ్లకు పట్టీ చివరిదాకా లాగినా వదులుగానే ఉండడం తరచూ వచ్చే ఇబ్బంది.

## 4. ఏ రకం ఎవరికి

రింగ్ స్లింగ్. ఒక భుజం మీద వేసుకునే, రెండు రింగులున్న బట్ట. తొందరగా వేసుకోవచ్చు, మడిస్తే సంచీలో పడుతుంది, గాలి ఆడుతుంది, చీర మీదికి బాగా కుదురుతుంది. మన ఎండల్లో మొదటి స్లింగుగా నా ఓటు దీనికే. లోటు ఒక్కటే, బరువంతా ఒక భుజం మీదే పడుతుంది. 8, 9 కిలోలు దాటాక ఎక్కువసేపు కష్టం. రెండు భుజాలూ మార్చి మార్చి వాడాలి.

సాగే బట్ట ర్యాప్. సుమారు 5 మీటర్ల టీషర్టు లాంటి బట్ట. పసికందుకు చాలా మెత్తగా ఉంటుంది. కానీ బిడ్డ చుట్టూ మూడు పొరలు వస్తాయి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో మూడు పొరలంటే ఇద్దరూ చెమటతో తడిసిపోతారు. ఏసీ గది ఉన్నవాళ్లకూ, చలికాలం కాన్పు అయినవాళ్లకూ, చలి దేశాల్లో ఉన్నవాళ్లకూ సరే. బిడ్డ 7, 8 కిలోలు దాటితే బట్ట సాగి కిందికి జారుతుంది. దీనితో వీపు మీద ఎప్పుడూ కట్టకూడదు.

నేత బట్ట ర్యాప్. సాగని నూలు బట్ట. పుట్టినప్పటి నుంచి మూడేళ్ల దాకా, ముందూ వెనకా పక్కా ఎలాగైనా కట్టుకోవచ్చు. బరువు పంచడంలో దీనికి సాటి లేదు. కానీ నేర్చుకోవడానికి ఓపిక కావాలి. బయట కట్టుకుంటే చివర్లు రోడ్డు మీద దుమ్ములో పడతాయి.

"అంత డబ్బెందుకు, ఇంట్లో నూలు చీర ఉందిగా?" అని అడుగుతారు. మన ఎరుకల, లంబాడీ స్త్రీలు బట్టతో బిడ్డను కట్టుకుని రోజంతా పని చేస్తారు. అది చిన్నప్పటి నుంచీ చూసి, చేసి వచ్చిన నేర్పు. కొత్తవాళ్లు చీరతో ముడి వేయడం నేర్చుకోవాలంటే బిడ్డ బదులు 5 కిలోల బియ్యం సంచీతో మొదలుపెట్టండి. సిల్కు, సింథటిక్, జరీ అంచు చీరలు పనికిరావు. అవి జారతాయి, గీసుకుంటాయి. పల్చటి చీర బరువుకు తాడులా సన్నబడి భుజం కోస్తుంది కూడా.

మే-దై. వీపు ప్యానెల్, నాలుగు పొడవాటి పట్టీలు ఉంటాయి. క్లిప్పులు ఉండవు, ముడి వేసుకోవడమే. లావుగా ఉన్న తాతయ్యకూ సన్నగా ఉన్న కోడలికీ ఒక్కటే సరిపోతుంది. చాలా ఇళ్లలో దీని గురించి తెలియదు కానీ ఉమ్మడి కుటుంబానికి ఇదే తేలిక.

బకిల్ క్యారియర్. నడుం పట్టీ, రెండు భుజం పట్టీలు, క్లిప్పులు. నాన్నలు ఇష్టపడేది ఎక్కువగా ఇదే. ప్రయాణాలకు, గుళ్లకు, పొడవాటి నడకకు బాగుంటుంది. అడుగు వెడల్పు తగ్గించి పెంచుకునే వీలున్నదే కొనండి. అప్పుడే అది బిడ్డతో పాటు పెరుగుతుంది. సోల్, అన్మోల్, కోల్ కోల్ లాంటి భారతీయ కంపెనీలవీ ఉన్నాయి. ఏదైనా మీరు కొలిచిన కొలతలతో పోల్చి చూడండి.

హిప్ సీట్. నడుముకు కట్టుకునే చిన్న పీట. మెడ నిలిచి, ఆసరాతో కూర్చునే బిడ్డకే పనికొస్తుంది. "దించు, ఎత్తుకో, దించు" అనే ఏడాది పిల్లలకు ఉపయోగం. కానీ ఒక చెయ్యి ఎప్పుడూ బిడ్డ మీద ఉండాల్సిందే. బరువంతా నడుము మీద పడుతుంది కాబట్టి పచ్చి బాలింతకు నేను సలహా ఇవ్వను.

ఇక నాలుగైదు వందలకు దొరికే 'ఫోర్ ఇన్ వన్' క్యారీ బ్యాగుల సంగతి. వీటిలో చాలావాటికి అడుగు భాగం నాలుగు వేళ్ల వెడల్పే. బిడ్డ బరువంతా తొడల సందున పడి, కాళ్లు వేలాడతాయి. వీపు ఆసరా కూడా గట్టి అట్ట ముక్కే. మీకు ఎవరైనా కానుకగా ఇచ్చి ఉంటే బాధపడకండి, కానీ బిడ్డను అందులో కూర్చోబెట్టకండి.

## 5. బట్ట చూడండి

బిడ్డ ఒళ్లు మీ ఒంటికి ఆనితే ఇద్దరికీ ఇంకో పొర బట్ట కప్పుకున్నట్టే. అందుకే మన వాతావరణంలో నూరు శాతం నూలు, లినెన్, లేదా ఈ రెండూ కలిసిన బట్ట కొనండి. లినెన్ తొందరగా ఆరుతుంది, కొత్తలో మాత్రం గరుగ్గా ఉంటుంది. రెండు మూడు ఉతుకులకు మెత్తబడుతుంది.

బట్టను వెలుగుకు ఎత్తి చూడండి. నేత సమంగా ఉండాలి. ఐమూలగా లాగితే కాస్త సాగాలి, నిలువుగా లాగితే సాగకూడదు. లోపల మందపాటి స్పాంజి పెట్టిన క్యారియర్ షాపులో మెత్తగా అనిపిస్తుంది. ఎండలో అదే వేడి పట్టి ఉంచుతుంది, ఉతికితే ఆరదు.

కొనేటప్పుడు చూసే జాబితా:

- కనీస, గరిష్ఠ బరువు కిలోల్లో రాసి ఉందా?
- అమెరికా ఏఎస్‌టీఎం ఎఫ్2236 (బకిల్ క్యారియర్లకు), ఎఫ్2907 (స్లింగులకు) లేదా యూరప్ ఈఎన్ 13209-2 భద్రతా ప్రమాణం పేరు ఉందా?
- పట్టీలు ప్యానెల్‌తో కలిసే చోట కుట్టు రెండు మూడు వరసలుగా ఉందా?
- క్లిప్పు పెట్టినప్పుడు 'టక్' మని గట్టిగా పడుతోందా? ఒక్క వేలితో ఊడిపోకూడదు.
- రింగులు స్లింగుల కోసమే చేసినవేనా? అతుకు ఉండకూడదు. కర్టెన్ రింగులు, హార్డ్‌వేర్ షాపు రింగులు బరువుకు విడిపోతాయి.
- మీ నడుముకు పట్టీ బిగుస్తుందా?
- తిప్పి పంపే వీలుందా? ఎన్ని రోజుల్లో?

ట్యాగులు తీయకుండా, ఉతక్కుండా ఇంట్లో ఒక పూట వాడి చూడండి. పెద్ద నగరాల్లో క్యారియర్లు అద్దెకిచ్చే స్లింగ్ లైబ్రరీలు ఉంటాయి. మీ ఊళ్లో ఉంటే కొనే ముందు వారం రోజులు తెచ్చుకోండి. బంధువుల దగ్గర నుంచి వచ్చిన పాతదైతే కుట్లు, క్లిప్పులు, బట్ట పలచబడిన చోట్లు పగటి వెలుగులో చూసుకోవాలి.

## 6. మొదటిసారి కట్టుకునే ముందు

బిడ్డ పాలు తాగి, తేన్చి, హుషారుగా ఉన్న సమయం చూసుకోండి. ఆకలి మీదో నిద్ర మీదో ఉన్న బిడ్డతో కొత్త పని మొదలుపెడితే ఇద్దరికీ టెన్షన్.

- మంచం పక్కన, అద్దం ముందు నిలబడండి. ఇంకో మనిషి పక్కన ఉండాలి.
- నల్లపూసలు, మంగళసూత్రం వెనక్కి వేసుకోండి. వాటికి తగిలించిన పిన్నీసులు తీసేయండి. బిడ్డ చెంప ఆనేది సరిగ్గా అక్కడే.
- చీరైతే కొంగు గట్టిగా దోపుకోండి. నడుం పట్టీ లంగా బొందు ముడి కంటే పైన రావాలి, లేకపోతే నడిచేకొద్దీ కుచ్చిళ్లు జారతాయి.
- జడ ముందుకు పడకుండా ముడి చుట్టుకోండి.
- బిడ్డకు పల్చటి నూలు చొక్కా చాలు. పాదాలు మూసే ప్యాంటు వేస్తే కాళ్లు విడదీసినప్పుడు వేళ్లు లాగేస్తుంది. మొలతాడు, కాలి పట్టీల మువ్వలు నొక్కుకోకుండా చూడండి.

## 7. కట్టుకునే వరస

బకిల్ క్యారియర్:

1. నడుం పట్టీ ముందు. బొడ్డు ఎత్తులో, నేలకు సమాంతరంగా, గట్టిగా బిగించండి. అన్నీ అయ్యాక నడుం బిగించడం కుదరదు, బిడ్డ బరువు దాని మీద పడిపోతుంది.
2. బిడ్డను మీ ఛాతీకి ఎత్తుగా ఆనించుకుని, కాళ్లు రెండు పక్కలా పెట్టండి.
3. ప్యానెల్ వీపు మీదికి లాగి, ఒక చేత్తో బిడ్డను పట్టుకునే భుజం పట్టీలు వేసుకోండి.
4. వీపు వెనక అడ్డ పట్టీ క్లిప్పు పెట్టుకోండి. అందకపోతే ముందే పెట్టుకుని, తల మీదుగా వేసుకోవచ్చు.
5. రెండు భుజం పట్టీలూ సమంగా, కొంచెం కొంచెంగా బిగించండి.
6. బిడ్డ రెండు మోకాళ్ల కింద చేతులు పెట్టి కాస్త పైకి, మీ వైపుకు నెట్టండి. పిరుదులు కిందికి దిగి, మోకాళ్లు పైకి వస్తాయి.
7. మొదట్లో చెప్పిన ఐదు తనిఖీలు చేయండి.

రింగ్ స్లింగ్:

1. బట్టను అంచు నుంచి అంచు దాకా మడతలుగా కూర్చి, రెండు రింగుల్లోంచీ కింద నుంచి పైకి తీయండి.
2. పై రింగు మీదుగా మడిచి, కింది రింగులోంచి బయటికి లాగండి. మడతలు మెలిపడకూడదు.
3. తల మీదుగా వేసుకోండి. రింగులు భుజం మీద ఎత్తుగా ఉండాలి, బిగించాక కాలరు ఎముక కిందికి వస్తాయి.
4. వీపు మీద బట్ట పరిచి, ముందు భాగంలో సంచీలా చేసుకోండి.
5. రెండో భుజం మీదికి బిడ్డను ఎత్తుకుని, మెల్లగా సంచీలోకి దించండి. కాళ్లు కింద నుంచి బయటికి తీయాలి.
6. కింది అంచును బిడ్డ పిరుదుల కింద నుంచి మోకాలి గుంటల దాకా లాగండి. బిడ్డకూ మీకూ మధ్య కాస్త బట్ట దోపితే కాళ్లు తన్నినా జారదు.
7. ఒకేసారి మొత్తం లాగకండి. పై అంచు వదులుగా ఉంటే తోకలోని (రింగుల్లోంచి వేలాడే బట్ట కొసలోని) పై అంచునే, కింద వదులైతే కింది అంచునే పట్టుకుని రింగుల్లోంచి లాగండి.

కట్టుకున్నాక నిలబడి ఉండకండి. నాలుగు అడుగులు వేయండి. చాలామంది పిల్లలు నడక మొదలవగానే ఊరుకుంటారు.

## 8. నొప్పి ఎక్కడుందో చూసి సరిచేయండి

ఇరవై నిమిషాలు ఇంట్లో తిరగండి. తర్వాత ఎక్కడ లాగుతోందో గమనించండి. నొప్పి చోటును బట్టే తప్పు దొరుకుతుంది. "అలవాటైతే తగ్గుతుంది" అనుకుని భరించకండి.

మెడ, భుజం పైభాగం. బిడ్డ కిందికి వేలాడుతున్నాడు, లేదా పట్టీలు మెడకు దగ్గరగా ఉన్నాయి. బిడ్డను పైకి జరిపి, వెనక అడ్డ పట్టీని భుజం ఎముకల మధ్యకు దించండి.

నడుం కింది భాగం. ఎక్కువమంది చెప్పే ఫిర్యాదు ఇదే. బిడ్డకూ మీకూ మధ్య ఖాళీ ఉంటే ఆ బరువును ఆపడానికి మీరు తెలియకుండా వెనక్కి వంగుతారు. అద్దంలో పక్క నుంచి చూసుకోండి, వంపు కనిపిస్తుంది. భుజం పట్టీలు కాదు, ముందు నడుం పట్టీ విప్పి ఒక అంగుళం పైకి కట్టి, మొత్తం మళ్లీ మొదలుపెట్టండి. పట్టీలు మాత్రం లాగితే సమస్య భుజానికి మారుతుందే తప్ప పోదు.

ఒకే భుజం (రింగ్ స్లింగ్). బట్ట మెడ పక్కన కుప్పపడింది. భుజం గుండ్రని భాగాన్ని కప్పేలా పరవండి. వీపు మీద కూడా బట్ట వెడల్పుగా పరుచుకుని ఉండాలి.

చేతులు తిమ్మిర్లు. పట్టీ చంకలో నొక్కుతోంది. అడ్డ పట్టీని మరీ బిగించి ఉంటారు, కాస్త వదలండి.

బిడ్డ ఒక పక్కకి వాలడం. రెండు పట్టీల పొడవు తేడా, లేదా బిడ్డ మధ్యలో కూర్చోలేదు. తీసి మళ్లీ కూర్చోబెట్టండి.

బిడ్డ తొడల మీద ఎర్ర గీతలు. తీశాక కాసేపట్లో పోయే లేత గీతలు ఫర్వాలేదు. లోతుగా పడితే అడుగు వెడల్పు తప్పు, లేదా లోపల ప్యాంటు ముడతపడింది. కాళ్లు చల్లబడినా, రంగు మారినా వెంటనే తీసేయండి.

ఇన్ని చేసినా నొప్పి తగ్గకపోతే ఆ క్యారియర్ మీ ఒంటికి కాదు. తిప్పి పంపే గడువు ఉండగానే పంపేయండి.

## 9. ఎండ, పాలు, నిద్ర

ఎండాకాలం పొద్దున్నే, సాయంత్రం మాత్రమే బయట ఎత్తుకోండి. బిడ్డ మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చెమటతో వేడిగా ఉంటే తీసేసి గాలి తగలనివ్వాలి. 6 నెలల లోపు బిడ్డకు ఎండగా ఉందని నీళ్లు పట్టకండి, తల్లిపాలే ఇంకా ఎక్కువసార్లు ఇవ్వండి. ఎండ తగలకుండా స్లింగ్ మీద తువ్వాలు కప్పడం చాలాచోట్ల చూస్తుంటాను. గాలి ఆగిపోతుంది, ముఖం కనిపించదు. గొడుగు పట్టుకోండి, టోపీ పెట్టండి.

స్లింగులోనే పాలివ్వచ్చు. బిడ్డను కాస్త కిందికి దించి, ముక్కు కనిపించేలా ఉంచి ఇవ్వండి. అయిపోగానే మళ్లీ నిటారుగా పైకి తీసుకుని బిగించాలి. రొమ్ము దగ్గరే అడ్డంగా నిద్రపోనివ్వకండి.

నిద్రపోతే తల మెల్లగా ఒక పక్కకు తిప్పి, గడ్డం తనిఖీ మళ్లీ చేయండి. జలుబుతో ముక్కు దిబ్బడ ఉన్న రోజు ఇంకా ఎక్కువసార్లు చూడండి. మూలుగు, ఎగశ్వాస, పెదాలు నీలంగా మారడం, ఒళ్లు వాలిపోవడం కనిపిస్తే ఒక్క క్షణం ఆలోచించకుండా బయటికి తీసి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అమెరికా, బ్రిటన్ చలిలో ఉన్నవాళ్లు బిడ్డకు ఉబ్బెత్తు స్నోసూట్ వేసి కట్టుకోకండి, బిగుతు కుదరదు. మామూలు బట్టలతో కట్టుకుని, ఇద్దరి మీదా కలిపి కోటు వేసుకోండి.

## 10. ఈ చోట్ల వద్దు

- స్కూటరు, బైకు మీద. స్లింగ్ సేఫ్టీ బెల్టు కాదు. పడితే బిడ్డ మీ ఒంటి కింద నలిగిపోతాడు. 4 ఏళ్ల లోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్తే ప్రత్యేక సేఫ్టీ హార్నెస్, గంటకు 40 కిలోమీటర్ల లోపు వేగం ఉండాలని 2022 కేంద్ర మోటారు వాహన నిబంధనలు చెబుతున్నాయి. స్లింగ్ ఆ హార్నెస్ కిందికి రాదు.
- కారులో, బేబీ సీటుకు బదులుగా.
- పొయ్యి దగ్గర. పోపు చిటపటలు, కుక్కరు ఆవిరి, వేడి టీ బిడ్డ ముఖానికి జానెడు దూరంలో ఉంటాయి.
- తడి బాత్రూములో, నిచ్చెన మీద.
- విమానం ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు. సిబ్బంది చెప్పినట్టు బయటికి తీసి ఒడిలో పెట్టుకోండి.

మెట్లు దిగేటప్పుడు ముందు కట్టుకుంటే పాదాలు కనిపించవు. కమ్మీ పట్టుకుని పక్కగా దిగండి. తిరుమల లాంటి చోట బిడ్డ పెద్దదైతే వీపు మీదికి మార్చుకోవడమే మంచిది.

## 11. నడిచే వయసు పిల్లలకు

రెండేళ్ల బిడ్డ సుమారు 12 కిలోలు, మూడేళ్లకు 14 కిలోలు ఉంటుంది. పసికందు క్యారియర్ అప్పుడు మోకాలి దాకా రాదు, వీపు సగం బయటే ఉంటుంది. టాడ్లర్ సైజు తీసుకోవాలి. మళ్లీ మోకాలి కొలత తీసుకుని, దానికి తగ్గ అడుగు వెడల్పు ఉన్నది చూడండి.

ఈ వయసులో ఉప్పుమూటే సుఖం. అయితే వీపు మీద కట్టడం బిడ్డ మెడ గట్టిపడి, తనంతట తాను కూర్చోగలిగాకే, మామూలుగా ఆరో నెల దాటాక. మొదట మంచం మీద కూర్చుని, ఇంకొకరి సాయంతో చేయండి. బిడ్డను ముందు కట్టుకుని నడుం పట్టీతో పాటు చంక కింద నుంచి వెనక్కి జరపడం తేలిక పద్ధతి.

ముందుకు తిప్పి, లోకం చూసేలా కూర్చోబెట్టడం ఆరో నెల దాటాక, మెడ నిలిచాక, పావుగంట అరగంట మాత్రమే. నిద్ర వస్తే వెంటనే మీ వైపు తిప్పుకోండి.

రెండో బిడ్డ కడుపులో ఉన్నవాళ్లు పెద్దబిడ్డ కోసం నడుం పట్టీ లేని ఓన్‌బుహిమో రకం చూడవచ్చు. బరువంతా రెండు భుజాల మీదే ఉంటుంది, కడుపు మీద నొక్కదు. ముందు డాక్టరును అడగండి.

## 12. ఉతకడం, దాచడం

ఇంట్లో వాడి చూసి, ఉంచుకోవాలని నిశ్చయించాక, రోజూ వాడడం మొదలుపెట్టే ముందు ఒకసారి ఉతకండి. బకిల్ క్యారియర్ క్లిప్పులు పెట్టి, పాత దిండు గలీబులో వేసి ఉతికితే క్లిప్పులు పగలవు. రింగ్ స్లింగుకు రింగుల మీద పాత సాక్సు తొడగండి.

నూలుదే కదా అని గంజి పెట్టకండి. బట్ట బిర్రుగా అయి రింగుల్లో పట్టు తప్పుతుంది. కంఫర్ట్ లాంటి మెత్తబరిచే ద్రవాలూ వద్దు, జారుడు వస్తుంది. నీడలో ఆరేయండి. వానాకాలం పూర్తిగా ఆరకముందే మడిస్తే బూజు పడుతుంది.

బిడ్డలు భుజం పట్టీ చప్పరిస్తారు. మొత్తం క్యారియర్ రోజూ ఉతకలేం కాబట్టి, రెండు నూలు చేతిరుమాళ్లు ఆ పట్టీలకు చుట్టి, ప్రెస్ బటన్లు కుట్టుకోండి. అవి మాత్రం రోజూ మార్చుకుంటే చాలు. బటన్లు గట్టిగా ఉన్నాయో లేదో ఉతికిన ప్రతిసారీ లాగి చూడండి.